నిద్రలో బీడీలు చుట్టిన చేతులు

మొన్న కామారెడ్డిలో మోకాలు చూపించుకుందామని వెళ్లి డాక్టరు గది బయట కూర్చున్నాను. లోపల ఆయన ఎవరో ఆడమనిషికి చెబుతున్నాడు, కీళ్లవాతానికి మందులు ఎంత ముఖ్యమో కదలడమూ అంతే ముఖ్యమని, నొప్పికి భయపడి మంచం పట్టవద్దని. ఆమె బయటికి వచ్చినప్పుడు చూశాను. నడవమన్నందుకే తిట్టినంత కోపం ముఖంలో. ఎల్లారెడ్డిలోని మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి బీడీలు చుట్టింది. నేర్పింది వాళ్ల అత్త. ఆ అత్త పోయిన చాలా ఏళ్లకు చిన్నమ్మ వేళ్లు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి విడివడేది కాదు. బీడీల చాట అటకెక్కింది. డాక్టరు మందులిచ్చి, రోజూ నడవాలి, వేళ్లు ఆడించాలి అన్నాడు. మందులు మింగేది కానీ నడక మాటెత్తితే గోడవైపు తిరిగి పడుకునేది. చిన్నాయన బతిమాలాడు, కసిరాడు, మిఠాయి ఆశ కూడా పెట్టాడు. "నొప్పి నాది. నడక గంత మంచిదైతే నువ్వే నడువు" అనేది. పాపం ఆయన నిజంగానే నడిచాడు. కొంచెం సన్నబడ్డాడు కూడా.

ఆ ఎండాకాలం కొన్నాళ్లు వాళ్లింట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎండుటాకు సవరిస్తున్న చప్పుడు వినపడింది. చూస్తే చిన్నమ్మ వెల్లకిలా నిద్రపోతోంది. పొట్ట మీద చేతులు మాత్రం మేలుకొని ఉన్నాయి. లేని ఆకు తీసి, లేని తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కడుతున్నాయి. పొద్దున చాయ్ గ్లాసు పట్టలేకపోయిన వేళ్లు! ఇంట్లో ఆకన్నదే లేదు, అయినా చప్పుడు ఆగలేదు. లేపకుండా ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

లేచాక చెప్పాను, నవ్వుతుందనుకుని. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసింది.

"కొస దేంతోటి మడిచినయి? బొటనవేలుతోనా?"

అవునన్నాను.

"నేను చూపుడువేలుతోటి మడుస్త. బొటనవేలుతోటి మడిచేది మా అత్త." వాచిన బొటనవేలు నిమురుకుంటూ అంది: "గామెకు గూడ గిట్లనే చేతులు ముడుచుకపోయినయి. కదులుమని చెప్పెటోళ్లు లేకుండె. పండుకున్నది పండుకున్నట్టే పోయింది. ఇదే జాగల."

ఆ సాయంత్రం చిన్నమ్మ చెప్పులు వేసుకుంది. పళ్లు బిగబట్టి పొలాల దారిలో కొంత దూరం పోయి వచ్చింది. మరునాడూ పోయింది. భయమైతేనేం, లేచింది కదా అని చిన్నాయనా నేనూ లోలోపల సంతోషించాం.

ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. వరి మళ్ల మధ్య దారి ఖాళీగా ఉంది. చిన్నమ్మ మాత్రం ఒక అంచునే నడుస్తోంది. నేను పక్కకు రాబోతే, "జర ఎనుక రా బిడ్డా, తగుల్తవు" అంది. నేను రెండడుగులు వెనక్కి తగ్గాను. ఆమె ఖాళీ వైపు తల తిప్పి మెల్లగా, "ఇంకింత దూరమే అత్తా. కల్వర్టు కాడ కూసుందాం" అంది. కల్వర్టు గోడ మీద కూర్చుంది కూడా, పక్కన ఒక మనిషికి చోటు వదిలి.

వేళ్లు మునుపటిలా కాలేదు. కానీ ఇప్పుడు జడ తనే వేసుకుంటుంది, చాయ్ తనే పెడుతుంది. నొప్పి ఎక్కువైన రోజు కొద్దిగానే నడుస్తుంది, మానేయడం మాత్రం లేదు. "నాకు బుద్ధి కాకున్నా గామె బయలెల్లుతది. ఒక్కామెను ఎట్ల పంపాలె?" అంటుంది, మామూలు సంగతి చెప్పినట్టు.

అయిపోయిందనుకున్న కాలం ఒక్కోసారి వేరొకరి కాళ్లతో నడుస్తూనే ఉంటుందంటే, ఆ దారిలో ఆమె వెనక నడవకముందైతే నేనూ నమ్మేదాన్ని కాదు.