పిందె ఉన్న పువ్వు

నా చిన్నప్పుడు బాన్సువాడలో మా పెరట్లో ఒక గుమ్మడి పాదు ఉండేది. గింజ నాటింది నేనే కాబట్టి అది నా సొంతమని ఇంటిల్లిపాదితో పోట్లాడేదాన్ని. ఆ ఏడు ముసురు వదల్లేదు. పూలు విచ్చుకునేవి కానీ, వాటి కింద గోలీకాయంత పిందెలు పసుపెక్కి రాలిపోయేవి. పండుగ దాకా చూసి పాదు పీకేస్తానని అమ్మ తేల్చి చెప్పింది.

సద్దుల బతుకమ్మ నాడు తెల్లారేసరికి పిందె ఉన్న పువ్వు ఒక్కటే విచ్చుకుంది. ఇక అలాంటి మొగ్గ పాదంతా వెతికినా లేదు. మా మేనత్త తట్ట పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో ఆ పువ్వు నడిమి భాగాన్నే గౌరమ్మగా బతుకమ్మ మీద నిలుపుతారు. నేను పాదుకు అడ్డంగా నిలబడ్డాను. గౌరమ్మకే ఇవ్వనంటే ఏమవుతుందోనని భయం వేసింది, అయినా జరగలేదు.

"జరుగు పిల్లా, పొద్దెక్కుతున్నది" అని అత్త గదమాయించింది. నా ఏడుపు విని పక్కింటి ఖాలమ్మ గోడ దగ్గరికొచ్చి సంగతి అడిగి, పెరటి తలుపు తోసుకుని వచ్చింది.

"ముసురుకు తేనెటీగలు రాలే బిడ్డా. వాటి పని మనమే చెయ్యాలె. పొద్దెక్కితే పువ్వు ముడుచుకుంటది, జల్ది మగ పువ్వొకటి తే."

కింద పిందె లేకుండా సన్నటి కాడ మీద నిలిచింది మగ పువ్వట. తేనెటీగలను పిలవడానికే ఉన్న ఆ పసుపుపచ్చ రెక్కలను ఆమె ఒలిచేసింది. నడుమ పుప్పొడి అంటుకున్న చిన్న పుల్ల మిగిలింది. దాన్ని ఆడ పువ్వు నడుమ ఉన్న జిగట బొడిపె మీద మెల్లగా రాసింది. "గీ పొడి గా జిగటకు అంటితేనే లోపట గింజ కడ్తది. గింజ కడితేనే పిందె నిలుస్తది" అంటూ, వాన పడకుండా రెక్కలు దగ్గరకు చేర్చి దారం కట్టింది.

"మరి గౌరమ్మ లేకుండ బతుకమ్మను ఎట్ల ఎత్తుకోవాలె?" అంది అత్త. వంగి ఆ దారం ముడిని, దాని కింది పిందెను చూసింది. తర్వాత మగ పూలు మాత్రం కోసుకుని, "పసుపు తడుపుండ్రి, ముద్ద చేసి గౌరమ్మగ పెడదాం" అని ఇంట్లోకి కేకేసింది.

ఆ సాయంత్రం బతుకమ్మ ఆడానే గానీ నా మనసంతా పెరట్లోనే ఉంది. తర్వాత రోజూ భయపడుతూనే పిందెను చూసేదాన్ని. అది పచ్చగానే నిలిచి, పిడికిలంత అయిన పొద్దున సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

ఇప్పటికీ ఏ పువ్వు కోయబోయినా ముందు దాని కింద ఏముందో వంగి చూస్తాను. నా మనవరాలు నవ్వుతుంది, నవ్వనీ. దేవుడి కోసం చాపిన చేతిని ఒక పిందె కోసం వెనక్కి తీసుకున్న మనిషిని నేను కళ్లారా చూశాను.