మా ఇంటి ఆరడుగుల కోల

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, వంశం ఎక్కువ. డెబ్బైల మొదట్లో పామర్రు దగ్గర మా పొలాలూ మండువా ఇల్లూ చేజారిపోయాక, బెజవాడ గవర్నరుపేటలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుంటూ గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఎవరైనా పేరడిగితే ముందు ఇంటిపేరు చెప్పి, గుర్తుపట్టడానికి వ్యవధి ఇస్తున్నట్టు కాసేపు ఆగేవాణ్ణి. (ఎవరూ గుర్తుపట్టేవారు కాదు.)

ఒక ఆదివారం అమ్మాయి తరఫువాళ్ళు నా ఇల్లు చూడటానికి వస్తున్నారని బాబాయి కబురు చేశాడు. ముందుగదిలో గచ్చు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. అది కనిపిస్తే సంబంధం తప్పిపోతుందని నా భయం. గోడ నుంచి గోడ దాకా పీచు కార్పెట్ పరిచేద్దామని వన్‌టౌన్‌లో ఒక సాయిబుగారి కొట్టుకు వెళ్ళాను.

"మా మనిషి వచ్చి కొలిచి, పరిచి వెళతాడు బాబుగారూ, మీకెందుకు శ్రమ?" అన్నాడాయన.

"వందల ఎకరాలు కొలిచిన ఇల్లండీ మాది. ఒక గది కొలుచుకోలేమా?" అన్నాను.

కొలిచాను, మా తాతగారి కోలతో. గుత్తకు కోతలు కోసే కూలీలకు పొలం కొలిచిచ్చిన ఆరడుగుల కోల అది, ఇత్తడి పొన్నుతో సహా మాకు మిగిలిన ఆస్తి. పొడవు సరిగ్గా రెండు కోలలు, వెడల్పు కోలన్నర. పన్నెండు తొమ్మిదులని రాసిచ్చి, అంచులు కుట్టించి, శనివారం పొద్దున నేనే పరిచాను. ఒక పక్క అడుగు, ఇంకో పక్క ముప్పావు అడుగు తక్కువొచ్చింది. ఎటు జరిపినా ఎక్కడో ఒకచోట పెచ్చులు పళ్ళికిలించాయి.

కార్పెట్‌నీ కోలనూ రిక్షాలో వేసుకెళ్ళి, కొట్టునిండా జనం ఉండగా, "అడుగు మింగేశారేమండీ? మా ఇంట్లో ఇలాంటి కొలతలు ఎరగం" అన్నాను.

సాయిబుగారు టేపు పట్టారు. కార్పెట్ పన్నెండు తొమ్మిదులే. తరవాత కోల మీద పట్టారు. ఆరున్నర.

కొట్టులో కుట్టుపని చేసే నడివయసు మనిషి లేచి వచ్చి, ఇత్తడి పొన్ను తడిమి చూశాడు.

"ఇది ఆరున్నరే ఉంటదండి. మీ పొలం కోతల్లో మా అమ్మ దీని వెనకాలే నడిచేది. మా పేటలో దీన్ని పెద్దింటి ఆరడుగులు అనేవాళ్ళండి."

కోల పొడుగైతే కోసిన చేను లెక్కలో తగ్గుతుంది, దానితో పాటు కూలీ తగ్గుతుంది. ఇది నాకు అప్పటిదాకా తెలియదు. తాతగారికి తెలియదని మాత్రం అనలేను. నేనొకణ్ణే గుర్తుంచుకున్నాననుకున్న మా వంశాన్ని గుర్తుంచుకున్న మనిషి బెజవాడలో ఇన్నాళ్ళకు కనబడ్డాడు. తలెత్తలేకపోయాను. సాయిబుగారు నా వైపు చూడకుండా, "పక్కన పేలికలు అతికిస్తే సరిపోద్ది. రేపు పొద్దున్నే వెళ్ళి కుట్టేసిరా" అని అతనికి చెప్పారు.

ఆదివారం అతను కుట్టు ముగించి, గుమ్మం దగ్గర దబ్బనం, దారం సర్దుకుంటుండగానే పెళ్ళివారు దిగారు. అమ్మాయి తండ్రి కార్పెట్ మీద రెండడుగులు వేసి, "భలే కుదిరిందండీ, ఎవరు వేశారు?" అన్నారు.

"నేనేనండీ. అన్నీ స్వయంగా చేసుకోవడం మా ఇంటి అలవాటు," అన్నాను. అలా అనడానికి నోరెలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

ఆయన గుమ్మం వైపు తిరిగి, "ఏమయ్యా, నిజమేనా?" అని సరదాగా అడిగారు. అతను సంచి భుజాన వేసుకుని నన్నొకసారి చూశాడు.

"అయ్యగారే కొలిచారండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

సంబంధం కుదిరింది. తరవాత రెండు మూడుసార్లు క్షమాపణ చెబుదామని వన్‌టౌన్ దాకా వెళ్ళి, కొట్టు ముందు సోడా తాగి తిరిగొచ్చాను. వచ్చినవాళ్ళందరికీ మా ఆవిడ నేటికీ చెబుతూనే ఉంది, పెళ్ళికి ముందు ఈయన తన చేత్తోనే గదంతా కార్పెట్ పరిచారని. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను. అప్పటి కుర్రవాడికి ధైర్యం లేదనుకుని నవ్వుకుంటాను కానీ, డెబ్బై దాటిన ఈ పెద్దమనిషి కూడా ఆమెకు ఎదురుగా చెప్పలేక, ఇదిగో, ఇలా రాసి టీపాయి మీద పెడుతున్నాడు.