కపితోలీనా ఆఖరి క్యూ

మా కపితోలీనా అంత మొండిఘటం ఈ పీటర్స్‌బర్గ్ మొత్తంలో ఇంకొకరుంటే చూపించండి, నా బొచ్చుకోటు విప్పి మీ చేతిలో పెడతాను. ఒకే ఇంట్లో పక్కపక్క గదులు మావి, ముప్పయ్యేళ్ళుగా మా ఇద్దరిదీ ఒకటే వంటిల్లు. నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

రొట్టెల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి అమ్మేది. ఆదివారం వస్తే హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు కదా! అబ్బే! మంచు పడటం మొదలైందంటే చాలు, ఊళ్ళో ఎక్కడ రంగులేసి గీసిన బొమ్మల ప్రదర్శన పెడితే అక్కడ క్యూలో తేలేది. వేసవిలో మాత్రం పిలిచినా వచ్చేది కాదు. "ఊరవతల తోటలో బంగాళాదుంపలు ఎవరు తవ్వుతారే, మీ తాతా?" అనేది.

మొగుణ్ణి కూడా క్యూలోనే సంపాదించింది. ల్యేవ్ ఆమె ముందు నిలబడ్డాడట, చలికి ముక్కు కందిపోయి. లోపలికెళ్ళి ఇద్దరూ ఒకే బొమ్మ ముందు ఆగిపోయారట. పొద్దుగూకే వేళ, నది ఒడ్డున మంచు. అంతే ఆ బొమ్మ. మనుషుల్లేరు, గుర్రాల్లేవు. అందులో ఏముందే అని నేనెన్నిసార్లు వెక్కిరించానో! ల్యేవ్ పోయాక ఆ బొమ్మ మాటే ఎత్తేది కాదు. అది ఎక్కడో ఉరల్ కొండల అవతల చిన్న మ్యూజియంలో ఉంటుంది, మళ్ళీ ఇటు వచ్చింది లేదు.

ఈ చలికాలం ఆ బొమ్మ మళ్ళీ మా ఊరి ప్రదర్శనకి వచ్చింది.

అది వచ్చేసరికి మా కపితోలీనాకి, నేను కపా అంటాలెండి, కళ్ళు పోతున్నాయి. వేసవికల్లా పూర్తిగా పోతాయని, చేసేదేమీ లేదని డాక్టరమ్మ చెప్పేసింది. "వేసవి దాకా టైముందిగా. ఆ బొమ్మ ఒక్కటీ చూసేస్తే చాలు, తర్వాత ఎలా పోతే అలా పోనీ" అంది కపా. తీరా జ్వరంతో మంచమెక్కి, లేచేసరికి ప్రదర్శన ఆఖరి రోజు వచ్చేసింది. నేనూ వెంట వెళ్ళాను. నాకు బొమ్మలంటే పడవు. అయినా ఒక్కదాన్నీ ఎలా పంపను?

క్యూ వీధి మలుపు దాటి కాలవ గట్టుదాకా ఉంది. గాలి మొహం కోసేస్తోంది. ఓ గడ్డమాయన వెనక నిలబడ్డాం. కాసేపటికి కపాని అక్కడుంచి, క్యాబేజీ కూరిన వేడి వేడి రొట్టెలు, పిరష్కీలు, తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గొడవ!

నేనటు వెళ్ళగానే కపా చలికి తట్టుకోలేక, అందరూ చేసేట్టే, "నేను మీ వెనకే, గుర్తుంచుకోండి" అని గడ్డమాయనకి చెప్పి మందుల షాపు గుమ్మంలో కాసేపు కాచుకుందట. మళ్ళీ వచ్చి, క్యూలో ఎవరో ఎర్రటోపీ పెట్టుకున్న అమ్మాయి దగ్గరికెళ్ళి "నేను మీ వెనకే కదండీ" అందట.

"నిన్ను నేను చూడనే లేదు బామ్మా!" అంటోంది ఆ అమ్మాయి.

"భలే ఎత్తు! మేమిక్కడ గడ్డకట్టుకుపోతుంటే ఈవిడ మధ్యలో దూరుతుందా?" వెనకనుంచి ఎవడో.

నాకు ఒళ్ళు మండింది. "ఎవర్రా దూరేది? మీరు పుట్టకముందునుంచి క్యూల్లో నిలబడ్డ మనిషిది!" అని వాడి మీదికి లేచాను. కపా వైపు తిరిగి, "గడ్డమాయన అంటే ఎర్రటోపీయా? ఆయన అదిగో, నాలుగడుగుల్లోనే ఉన్నాడుగా! నీకేమైనా మతిపోయిందా?" అని దాన్నీ కసిరాను.

కపా నా చెయ్యి పట్టుకుంది. "అరవకే ఫైనా. నాకు మొహాలు కనబడటం లేదు" అంది మెల్లగా.

"ఎప్పట్నుంచే?"

"కొత్త సంవత్సరం ముందునుంచే."

 ఇన్నాళ్ళూ వంటింట్లో నా పక్కనే నిలబడి సూపు కాచింది. నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు.

గడ్డమాయన విన్నాడు. ఎర్రటోపీ అమ్మాయి విన్నది. మాట ముందుకి పాకిపోయింది. "వెళ్ళండి బామ్మా, వెళ్ళండి" అంటూ దారి ఇచ్చారు. అరిచినవాడే ముందు తప్పుకున్నాడు. వద్దువద్దంటున్నా వినరే! మంచి మనసుతోనే, తలుపుదాకా తోసేశారు మమ్మల్ని.

లోపల గుమ్మం దగ్గర మా చలికోట్లు విప్పి అప్పజెప్పి, ఆ బొమ్మ ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టాను. కపా మెడ చాచింది. పక్కకి వంగింది. ఇంకాస్త దగ్గరికి జరిగింది. అక్కడ కూర్చున్న కాపలామనిషి "దగ్గరికి వెళ్ళకూడదమ్మా" అంది. కపా వెనక్కి జరిగింది.

"ఫైనా, మంచు ఏ రంగులో ఉందే?"

"నీలం."

"ఎలాంటి నీలం?"

చూశాను. నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. ఒడ్డు దగ్గర ఒకలా ఉంది, నీళ్ళ దగ్గర ఇంకోలా ఉంది, మధ్యలో అసలు నీలమో కాదో కూడా తెలీడం లేదు. ఇంత నోరున్నదాన్ని, ఒక్క మాట దొరకలేదు. ఏడుపొచ్చింది.

"నీలమంటే నీలమేనే కపా" అన్నాను.

 కపా నా చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"పోనీలే, పద. వెనకాల వాళ్ళు చూడాలిగా."