బ్లాక్ మెటల్ మధ్యలో నాలుగు నిమిషాలు

ఐదేళ్లుగా నేనూ ఒక డ్రమ్మరూ కలిసి బ్లాక్ మెటల్ అనే రాక్ సంగీతం వాయిస్తున్నాం. వారమంతా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆదివారం పొద్దున అమ్మతో చర్చి, సాయంత్రం ప్రగతి నగర్‌లో కిరాయికి తీసుకున్న గదిలో ప్రాక్టీసు. రంపం కోస్తున్నట్టుండే గిటారు, ఊపిరి తీసుకోనివ్వని డ్రమ్స్, వాటి మీద నా అరుపులు. ఈ తరహా పాటల్లో దేవుణ్ణీ చర్చినీ తిట్టడం మామూలే. ఇంట్లో మాత్రం ఊరికే గిటారు నేర్చుకుంటున్నానని చెప్పాను.

నిరుడు ఆ వేగం మీద విసుగు పుట్టింది. మత్తులో తేలుతున్నట్టుండే పాత సైకెడెలిక్ రాక్ పోకడలను బ్లాక్ మెటల్‌లో కలిపే బ్యాండ్లను వినడం మొదలుపెట్టాను. ఒకే స్వరం అలలు అలలుగా తిరిగి తిరిగి వచ్చి, కాసేపటికి గోడలు మెత్తబడుతున్నట్టు అనిపించేది. ఏ మత్తుమందూ లేకుండా, ఒట్టి శబ్దంతోనే. ప్రతిధ్వనిని సాగదీసే పెడల్ ఒకటి కొని, మా పాట మధ్యలో వినేవాళ్లకి భయం పుట్టేలా నాలుగు నిమిషాలు అలాంటిది పెట్టాను.

డ్రమ్మర్ కర్రలు కింద పెట్టేశాడు. "ఏందక్కా గిది? ఉరుకుతున్నోణ్ణి ఆపి ఉయ్యాల్ల కూసోవెట్టినట్టుంది."

"నీకు భయం వెయ్యట్లేదా?"

"నిద్రొస్తుంది."

అతనన్నది నిజమే. ఎక్కడో ఏదో కుదరలేదు. మీటింగుల్లో కాలు ఊపుతూ కూర్చునేదాన్ని. రాస్తున్న బగ్ రిపోర్టు సగంలో వదిలేసి ఆ నాలుగు నిమిషాలే మళ్లీ వినేదాన్ని. మెట్రోలో దిగాల్సిన కూకట్‌పల్లి రెండుసార్లు దాటిపోయాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, హెడ్‌ఫోన్స్ కనెక్ట్ అయ్యాయనుకుని పాట పెడితే గదంతా మోగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ నర్సు. ఆపరేషన్ అయినవాళ్లు మత్తు నుంచి తేరుకునే గదిలో ఇరవై ఏళ్లుగా పని చేస్తోంది.

"ఆ అరిచేది నువ్వేనా?"

"నేనే."

"దేవుణ్ణి తిడుతున్నావా?"

"ఇందులో కాదు."

మిగతావాటిలో తిట్టానని ఆవిడకి అర్థమైంది. ముఖం ముడుచుకుంది కానీ వెళ్లలేదు. మంచం అంచున కూర్చుని చివరిదాకా వింది.

"ఆ మధ్యలో వచ్చేది నాకు తెలుసు," అంది. "మత్తు దిగేటప్పుడు కొందరికి పైకప్పు కిందకొచ్చి ఊపిరాడనివ్వనట్టు ఉంటుందట. మేం చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ ఉంటాం. పిలిచేవాళ్లుంటే తట్టుకుంటారు. నీ పాటలో పిలిచేవాళ్లెవరూ లేరు."

లేచి వెళ్తూ, "మీ నాన్నకి వినిపించకు," అంది.

ఆ సాయంత్రమే డ్రమ్మర్‌కి ఈ మాట చెప్పాను. అతను వెళ్లి డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. తర్వాత ఆ నాలుగు నిమిషాల కింద పెద్ద డ్రమ్ము ఒక్కటే, ఎవరినో పిలుస్తున్నట్టు, నెమ్మదిగా, తడబడకుండా కొడుతూ పోయాడు.

"గిప్పుడు జర భయమైతుంది," అన్నాడతను.

గచ్చిబౌలిలో ఒక చిన్న హాల్లో, ఒక శనివారం మధ్యాహ్నం ఆ పాట వాయించాం. నలభై మంది కూడా లేరు. నెమ్మది భాగం రాగానే కొందరు సిగరెట్లకని బయటికి వెళ్లారు. ఒకమ్మాయి నేల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. అమ్మ రాలేదు, నేను పిలవనూ లేదు. నాన్న లేనప్పుడు మాత్రం ఇప్పుడు ఇంట్లో తలుపు వేసుకోకుండానే వాయిస్తున్నాను. ఆ భాగం పెరిగి పెరిగి తొమ్మిది నిమిషాలైంది. అయినా కుదిరిందని ఇంకా అనిపించదు.