కాలు తగిలిన బంతి

మా డ్రిల్లు టీచరమ్మ పోయారు. మొన్న పొద్దున్నే మా అప్ప (మావైపు అక్కని అలాగే అంటాం) ఫోను చేసి, "ఒసే, టీచరమ్మ ఎల్లిపోయేరే," అంది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. సుఖమైన చావే. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ గురించి పేపర్లవాళ్ళు ఎలాగూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. పంతొమ్మిది వందల యాభైల్లో చోడవరంలో ఆడపిల్లల చేత వాలీబాల్ ఆడించడమంటే మాటలు కాదు. మా ట్రైనింగు కాలేజీలో చదివేవాళ్ళంతా చెరుకు, వరి పండించే ఇళ్ళవాళ్ళు. నిక్కర్లు వేసుకోమంటే మర్నాడే పెట్టెలు సర్దేసేవారు. ఆవిడ వాటి జోలికే పోలేదు. నాట్లేసేటప్పుడు ఆడవాళ్ళు చీర ఎలా ఎగ్గడతారో అలాగే కట్టించారు. "మేం కూలోళ్ళలా కట్టం," అని ఒకమ్మాయి మూతి ముడిస్తే, "కూలోళ్ళు పొద్దల్లా ఒంగుంటారు. నువ్వు పావుగంట ఒంగవే, సూద్దాం," అన్నారు. పాపం, ఆ పిల్ల పది నిమిషాలకే కూలబడింది.

ఈల మెడలో వేలాడేది గానీ ఊదింది తక్కువ. చప్పట్లతోనే ఆడించేవారు. ఆట అయ్యాక అందరి చేతుల్లో తలో బెల్లం ముక్క పెట్టేవారు. "బంతి నీకేసి వస్తే నీదే. పక్కదాని మొగం సూడకు," అనేవారు. సంసారంలో దిగాక ఆ మాట నాకెంత పనికొచ్చిందో మా ఆయనకే తెలుసు! రిటైరయ్యేదాకా ఆవిడ ఆ మైదానం వదల్లేదు. ఆవిడ దగ్గర ఆడినవాళ్ళు ఎంతమంది డ్రిల్లు టీచర్లయ్యారో. నేనూ అయ్యాను. అసలు కాకుండా పోవాల్సిందే.

మా అప్ప ఆ కాలేజీలో చేరిన మొదటి ఏడు అది. జట్టుకి ఆరుగురు కావాలి, మా అప్పతో కలిపి ఉన్నది ఆ ఆరుగురే. విశాఖపట్నం నుంచి ఓ కాలేజీ జట్టు వచ్చి చోడవరంలో ఆడుతుందని తెలిసి మా నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఊరందరి ముందూ గెంతుతాదేటి? ఎల్లి సూస్తాను. నచ్చలేదా, బండెక్కించి తెచ్చేస్తాను. సదువూ వొద్దు, ఏటీ వొద్దు," అన్నాడు. నావైపు తిరిగి, "దానికి లేంది నీకూ లేదు," అన్నాడు. పై ఏడు నేనూ అక్కడే చేరాలని గంపెడాశతో ఉన్నాను. బండిలో దారి పొడుగునా అప్ప గెలవాలని కనబడ్డ దేవుడికల్లా మొక్కాను.

ఆట ఆఖరి వరకూ నువ్వా నేనా అన్నట్టు నడిచింది. ఇంకొక్క పాయింటు వస్తే మాదే. నేలకి దిగిపోతున్న బంతిని అప్ప వంగి లేపింది. అది వల దాటి అవతల పడింది. అంపైరు మాకే ఇచ్చాడు. గెలిచేశాం! జనం ఒకటే ఈలలు. ఎవరో బంతి తెచ్చి అప్ప చేతికిచ్చారు. అప్ప దాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం మా ఇళ్ళలో ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. ఆ అంపైరూ అలాంటి ఇంట్లో పుట్టినవాడే. దగ్గరికొచ్చి, "ఏమ్మా, బంతికి కాలు తగిలిందా?" అన్నాడు.

"తగిలిందండి," అంది అప్ప.

అప్పట్లో బంతి నడుం కింద తగిలితే తప్పే. ఆ పాయింటు పోయింది. తర్వాత వాళ్ళు వరసగా కొట్టి ఆట కూడా పట్టుకుపోయారు.

"దండం ఇంటికెల్లి పెట్టుకోకూడదేటే, తింగరిదానా!" అని జట్టులో ఒకమ్మాయి భోరుమంది. మా నాన్న తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "పెట్టె తెచ్చుకోమను మీ అప్పని," అని బండివైపు నడిచాడు. నా చదువు కూడా ఆ బండెక్కేసిందనే అనుకున్నాను.

టీచరమ్మ వచ్చి ఎద్దులకి అడ్డంగా నిలబడ్డారు. బతిమాలతారనుకున్నాను. అబ్బే!

"ఓడిపోయేం బాబూ. మీ పిల్ల వల్లే ఓడిపోయేం," అన్నారు. నాన్న తల దించుకున్నాడు. "ఎవులూ సూడని తప్పు ఒప్పుకుంది. బంతి కొట్టడం నేను నేర్పగల్ను. ఇది నేర్పలేను. మీ ఇంట్లో నేర్సుకొచ్చింది. అలాంటి పిల్లని నేనొదల్ను. బండి ఒట్టిదే తోలుకెల్లండి."

నాన్న ఎద్దు మెడ నిమిరాడు. తర్వాత నా రెక్క పట్టుకుని ముందుకి తోశాడు.

"అయితే పై ఏడు ఈ సిన్నగుంటని కూడా సేర్సుకోండమ్మా. ఆరుగురే ఉంటే, ఒకర్తికి జొరమొస్తే ఏటి సేస్తారు?"

టీచరమ్మ నన్ను ఎగాదిగా చూశారు. బంతి నామీదకి విసిరి, "పట్టుకోకు, కొట్టు!" అని అరిచారు. కళ్ళు మూసుకుని ఒక్కటిచ్చాను. అది వల దాటి, మైదానం దాటి, పక్కనున్న చెరుకుతోటలో పడింది. మా నాన్న పకపకా నవ్వేశాడు. టీచరమ్మే పరిగెత్తి తోటలోకి దూరిపోయారు. మనిషి కనబడలేదు. చెరుకాకులు మాత్రం కదుల్తున్నాయి, లోపల్నించి ఆవిడ గొంతు వినబడుతోంది.

"సెయ్యి గట్టిదేనే నీది! ఉండు, ఎతుకుతన్నాను!"