మూడో దొప్ప

ఒడిశాలోని బారిపదలో మరమరాలు లేకుండా తెల్లవారదు. అక్కడి కాలేజీలో దిబాకర్ దండపాట్ చెప్పే కంప్యూటర్ పాఠమూ అంతే. సాల చెట్టు ఆకుల దొప్పల మీద సుద్దతో పేర్లు రాసి బల్ల మీద వరసగా పెట్టేవాడు. దొప్ప ఒక పేరు, అందులో పోసిన మరమరాలు దాని విలువ.

"కొత్తవి పొయ్యాలంటే పాతవి పారబొయ్యాల్సిందే. కంప్యూటరంటే ఇంతే. దానికి తెలివి లేదు, దొప్పలున్నాయి" అనేవాడు.

"సార్, ఎక్స్ కి ఒకటి కలిపితే మళ్లీ ఎక్సే ఎట్లా అవుద్ది? మా లెక్కల మాస్టారు వింటే చెవి మెలేస్తాడు" అన్నాడో కుర్రాడు.

"ఆయన్నీ ఓ దొప్ప పట్టుకుని రమ్మను."

శూన్యం మీద పెద్దలు గ్రంథాలకు గ్రంథాలు రాశారు. ఊరూరా తిరుగుతూ నేనూ కొన్ని మోశాను. ఖాళీ పాత్ర ఎందుకు పనికొస్తుందో మాత్రం ఆ కాలేజీలో లైబ్రరీ చూసుకుంటూ, కిటికీ పక్కన నిలబడి ఈయన దగ్గరే విన్నాను.

అంతకు ముందు అక్కడ పన్నెండు ప్రోగ్రాములు బట్టీ పట్టించి పరీక్షకు పంపేవారు. జబా హాంస్‌దా అనే అమ్మాయి అట్లా బట్టీ పట్టే రెండుసార్లు తప్పింది. ఒక్క వరస మరిచిపోతే మిగతాదంతా పోయేది. మూడోసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు. దిబాకర్ ఆ పన్నెండింటి జాబితా చించేసి ఆమెను దొప్పల ముందు కూర్చోబెట్టాడు. ప్రిన్సిపాల్ పిలిచి, "పిల్ల జీవితంతో ఆటలాడుతున్నారు" అన్నాడు.

పరీక్ష రోజున కటక్ నుంచి పాణిగ్రాహి అనే పరీక్షాధికారి వచ్చాడు. గది వాకిట్లో కాపలా నాకు పడింది. జబా తీసిన చీటీలో ఇలా ఉంది: రెండు సంఖ్యలు తీసుకుని, వాటి చోట్లు తారుమారు చేసి చూపించు. పాత జాబితాలో అది నాలుగోది. దాన్ని దిబాకర్ చెప్పనే లేదు.

ఆమె ప్రోగ్రాం రాసి పన్నెండు, ముప్ఫై ఇచ్చింది. తెర మీద ముప్ఫై, ముప్ఫై అని పడింది. మళ్లీ నడిపింది. మళ్లీ అవే. మొదటి దొప్పలో ముప్ఫై పోసేసరికి పన్నెండు నేలపాలయింది. రెండో దొప్పలోకి పోయడానికి ఇక పన్నెండు ఎక్కడుంది? ఇరవై నిమిషాలు మిగిలాయి.

పిల్లలతో మాట్లాడకూడదన్నది నియమం. దిబాకర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. అప్పుడే పాణిగ్రాహికి ఫలహారం వచ్చింది, మరమరాలూ, ఘుగునీ అనే బఠాణీల కూరా. దొప్ప కింద ఇంకో ఖాళీ దొప్ప అంటుకుని ఉంది. దిబాకర్ దాన్ని ఊడదీశాడు. జబా బల్ల వైపు నడిచాడు. దాన్ని ఆమె ముందు పెడితే చాలు, నోరు విప్పే పని లేదు. రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"చేతిలో ఏంటది, దండపాట్ బాబూ?" అన్నాడు పాణిగ్రాహి.

"ఖాళీ దొప్ప, సార్."

"ఖాళీదైతే బయట పారెయ్యండి. మీరూ బయటే ఉండండి."

నా పక్కగా వెళ్తూ, "పెట్టేసేవాణ్ణే, లైబ్రరీ బాబూ" అన్నాడు గొంతు తగ్గించి.

"పెట్టాల్సింది. ఎవరికి తెలుస్తుంది?"

"పెడితే అదీ బట్టీయే కదా."

ఆయన వెళ్లిపోవడం జబా చూసింది. మీటల మీంచి చేతులు తీసేసింది. ఎనిమిది నిమిషాలున్నాయి. పక్కవాళ్లు కాగితాలు కట్టుకుంటున్నారు. ఆమె రెండు చేతులూ దోసిళ్లుగా పట్టి, ఒకదాన్నీ ఇంకొకదాన్నీ చూసుకుంటూ కూర్చుంది. పాణిగ్రాహి గడియారం చూశాడు. కుడి చెయ్యి కదిలి ఎడమ చేతి మీదికి వచ్చి, ఆగింది. జబా కిందికి చూసింది. కుడి చేతిలో లేని మరమరాలను మెల్లగా ఒడిలోకి ఒంపుకుంది.

తరవాత గబగబా కొట్టింది. తెర మీద ముప్ఫై, పన్నెండు.

పాణిగ్రాహి కుర్చీ లాక్కుని తనే ఏడూ నాలుగొందలూ ఇచ్చి చూశాడు. తారుమారయ్యాయి. వేలితో ఒక వరసలో ఆమె పెట్టుకున్న మూడో పేరు చూపించాడు.

"'కోళ' ఏంటమ్మా? ఏ పుస్తకంలోనూ ఈ పేరు లేదే."

"నా ఒడి, సార్. రెండు చేతులూ నిండిపోయాయి. ఇంకెక్కడ పొయ్యను?"

ఆయన మార్కుల కాగితం మీద ఆమె పేరుకెదురుగా రాసి, చల్లారిన ఘుగునీ ముందుకు లాక్కున్నాడు. పాసని నేను తొంగి చూశాను.

బయట వరండాలో దిబాకర్, ఎన్ని మార్కులని అడగలేదు.

"ఎన్ని దొప్పలు పట్టాయి?"

"మూడోది దొరకలేదు సార్" అంది జబా, ఒడి దులుపుకుంటూ.

ఆయన చేతిలోని ఖాళీ దొప్ప అప్పటికే పీలికలైపోయింది.