నాయనమ్మను అమ్మ తన్నిన రోజు

మొన్న రాయగడలో మా ఇంటి గుమ్మం దిగుతుంటే నా కాలు మడతపడింది. చీలమండ బూరెలా పొంగింది. మా కోడలు దిండు మీద దిండు వేసి కాలెత్తి పెట్టి, గుడ్డలో ఐసు చుట్టి అద్ది, "పది రోజులు కదలకండి అత్తయ్యా" అని హుకుం జారీ చేసింది. నాకేమో ఒకటే నవ్వు. నయం, నా కోడలు నన్ను తన్నలేదు! మా నాయనమ్మను మా అమ్మ తన్నింది. అదీ నాయనమ్మ బతిమాలితే.

అప్పట్లో మాది గుణుపురం దగ్గర వ్యవసాయం. ఏటా ఊడుపులు మొదలయ్యే రోజున తొలి నారు నాటే హక్కు నాయనమ్మది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ నేల దున్నుకున్నప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. తన చెయ్యి పడితేనే చేను పండుతుందని ఊరంతా చెప్పుకుంటారని ఆవిడే చెప్పేది. అలాంటి మనిషి ఊడుపులకు ఐదు రోజులుందనగా గట్టు మీద జారి చీలమండ బెణికించుకుంది. మంచమెక్కి భోరుమంది, నొప్పికి కాదు. "నేనెల్లకుంటే తొలి నారెవులు పెడతారు?" అని.

బెణుక్కి మావాళ్ళకు తెలిసిన మందు ఒకటే. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు, అంటే తల కాకుండా కాళ్ళు ముందు బయటపడ్డవాళ్ళు, బెణికినచోట మూడుసార్లు తన్నాలి. ఊళ్ళో అలా పుట్టింది మా అమ్మ ఒక్కతే. అత్తగారి ఎదుట పీట మీద కూడా కూర్చోని మనిషి! "నా వల్ల కాదత్తా, కళ్ళు పోతాయి" అని తలుపు చాటుకు పోయింది. నాయనమ్మ వదిలితేనా! "ఏటే, ఇన్నాళ్ళూ మనసులో తన్నలేదేటి నన్ను? అదేదో ఇప్పుడు కాల్తో తన్ను!" అమ్మ ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వులోనే కాలు చాచి మెత్తగా మూడుసార్లు తాకించి, వెంటనే అత్తగారి పాదాలు కళ్ళకద్దుకుంది. నాయనమ్మ ధైర్యంగా లేచి, "సచ్చేన్రా నాయనా" అని కూలబడింది. ఇక అమ్మ ఊరుకోలేదు. పాత చీర చింపి కట్టు కట్టింది, బియ్యం బస్తా మీద కాలెత్తి పెట్టించింది, మంచం దిగితే కేకలేసింది. అత్తగారి మీద అమ్మ గొంతు లేవడం అదే మొదలు. నాయనమ్మ గొణుగుతూనే మాట విన్నది.

ఊడుపుల నాటికి వాపు తగ్గింది గాని బురదలో దిగే కాలు కాదది. నాన్నా చిన్నాన్నా ఆవిణ్ణి మంచంతో సహా మోసుకెళ్ళి గట్టున దింపారు. ఊడ్చే ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నాయనమ్మ నారు గుప్పెడు పట్టుకుని మడి వైపు చాలాసేపు చూసింది. తర్వాత అమ్మ చేతిలో పెట్టింది. "దిగమ్మీ. ఈ ఏటి నుంచి నువ్వే."

అమ్మ ఏడుస్తూ వంగింది, నవ్వుతూ లేచింది. ఆ తర్వాత నాయనమ్మ పదేళ్ళు శుభ్రంగా నడిచింది గాని తొలి నారు మళ్ళీ అడగలేదు. కాలం మన చేతిలోవి లాక్కుపోతుందంటారు. మా నాయనమ్మ మాత్రం కాలం అడగకముందే తనే ఇచ్చేసి, గట్టు మీద మంచంలో కూర్చుని చప్పట్లు కొట్టింది.